ముయ్యికి కట్టిన కూలి

బడి వరండాలో సత్తుగిన్నెలోంచి చీటీలు తీసింది రెడ్డిరాణే. ఆ పని ఆమె కోరి తీసుకున్నది కాదు. సదుం హైస్కూలుకు పోయే పిల్లల్లో ఎవరి వైపూ కన్నెత్తి చూడనిది, నలుగురిలో నోరు విప్పనిది ఆ పిల్లే. ఆమె చేత తీయిస్తే మోసం జరిగిందని ఎవరూ అనలేరని అయ్యవారు భుజం పట్టి ముందుకు తోశాడు.

వానలు వరసగా మొహం చాటేసిన ఏళ్లవి. మదనపల్లెలో ఆఫీసు పెట్టుకున్న ఒక సంస్థ వాళ్లు ఎర్రమిట్టపల్లెకు వచ్చి, బోదగడ్డి కప్పిన కొట్టంలో కాపురముంటూ బోరు లేని మెట్టచేను మాత్రమే ఉన్న ఇళ్లకు సాయం చేస్తామన్నారు. బియ్యం కాదు, విత్తనాలు కాదు, గొర్రెలు కాదు. నేరుగా డబ్బే. దేనికి ఖర్చు పెట్టారని అడగబోమన్నారు, తిరిగి కట్టక్కర్లేదన్నారు. అలాంటి ఇళ్లు పల్లెలో చాలా ఉన్నాయి, వాళ్ల దగ్గరున్న డబ్బు కొన్నింటికే వస్తుంది. అందుకని చీటీలు వేశారు.

రాణి కళ్లు గట్టిగా మూసుకుని ఒక్కొక్కటే తీసి ఇస్తుంటే, సంస్థ మనిషి జయచంద్ర విప్పి గట్టిగా చదివాడు. రెండు మూడు పేర్లయ్యాక, "దేవరాజులు భార్య విజయమ్మ" అన్నాడు.

అది రాణి వాళ్లమ్మ పేరు.

వెనక నుంచి కుప్పుస్వామి గొంతు వినిపించింది. "సొంత సెయ్యి సొంత ఇంటిని మరిసిపోతాదా అప్పా."

అందరూ నవ్వారు. రాణి చెవులు కాలిపోయాయి. గిన్నెలో చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"నోరు మూసుకో కుప్పుస్వామీ," అంది గంగులమ్మ ముందు వరసలో నుంచి. "పాప కండ్లు మూసుకోనే తీస్తాండాది. నేను సూస్తానే ఉండా. నువ్వు తీసింటే గిన్నెతో సహా ఎత్తుకోని పోయుందువు."

ఈసారి నవ్వు కుప్పుస్వామి మీదికి మళ్లింది. చీటీలు తీయడం అయిపోయింది. గంగులమ్మ పేరు రాలేదు.

గంగులమ్మ వాళ్లది రాణి వాళ్ల పక్కిల్లు. చేలు కూడా గట్టుకు అటొకటి ఇటొకటి. ఆమె మొగుడు గురుమూర్తి, కూతురు ఉష. ఉష, రాణి ఒకే తరగతి. విజయమ్మ గంగులమ్మను వదినా అంటుంది, రాణి అత్తా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపులోనే ఉంది చుట్టరికం. ఆ రోజు ఇంటికి పోతూ గంగులమ్మ రాణి తల మీద చెయ్యేసింది.

"మా చీటీ గిన్నె అడుగున యాడో దాక్కోనింటాది. నీ సెయ్యికి అందలా. పోనీలే పాపా, ఒక ఇంటికన్నా వచ్చింది."

డబ్బు సదుం బ్యాంకులో పడింది. ఏటా ఎండాకాలం రాగానే బెంగళూరు బస్సెక్కి ఇటుకలు మోయడానికి పోయే దేవరాజులు ఆ ఏడు పోలేదు. బోద తీసేసి కొట్టానికి రేకులు వేశారు. సాయంత్రం పూట అన్నం ఉడకడం మొదలైంది. తొమ్మిదితో బడి మాన్పిద్దామనుకున్న రాణిని పదిలో చేర్పించారు, కొత్త చెప్పులు కొన్నారు. రాత్రిపూట నాయన ఇంట్లో ఉండి దగ్గుతుంటే ఆ దగ్గు వినడం కూడా రాణికి బాగుండేది. అంతకు ముందు ఎండాకాలాల్లో ఆ మూల చాప చుట్టేసి ఉండేది.

కానీ ఊళ్లో మాట మారింది. బావి దగ్గర బిందె ముంచుతుంటే ఎవరో ఒకరు "మీకేమమ్మా" అనేవాళ్లు. అంగట్లో ఉప్పు కొంటే "మీకేమమ్మా". చెడ్డగా అనేవాళ్లు కొందరు, ఊరికే అలవాటుగా అనేవాళ్లు కొందరు. విజయమ్మకు మాత్రం అన్నీ ఒకేలా వినిపించేవి. చెయ్యి చాచకుండానే చెయ్యి చాచినట్టయింది ఆమెకు. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఊరికే వచ్చిన పైసా ఎరగదు. ఆ సిగ్గు పోవాలంటే ఇక ఎవరి సొమ్మూ, ఎవరి శ్రమా తమ మీద నిలవ ఉండకూడదని ఆమె మనసులో పడింది. పక్కింటి నుంచి తెచ్చిన చారెడు చింతపండుకు కూడా ఆ సాయంత్రానికే బదులు పంపేది.

గంగులమ్మకు ఒక నాటు ఆవు ఉండేది. అది ఇచ్చే కాసిని పాలలోనే మజ్జిగ చేసి, ఎన్నో ఏళ్లుగా రాణి వాళ్లింటికి ఒక చెంబెడు పంపేది. ఒక రోజు విజయమ్మ ఖాళీ చెంబుతో పాటు ఒక రూపాయి బిళ్ల పెట్టి పంపింది. చెంబు తిరిగి వచ్చినప్పుడు మజ్జిగ అడుగున రూపాయి గలగలమంది. వెనకే గోడ మీదుగా గంగులమ్మ మాట వచ్చింది.

"వదినా, మజ్జిగలో రూపాయి పడుండాది. పాప జారవిడిసినట్టుంది, తీసి దాసుకో. గొంతుకి అడ్డం పడితే మళ్ల నా మజ్జిగని తిడతావు."

గంగులమ్మ నవ్వింది. రాణి కూడా నవ్వబోయి, అమ్మ మొహం చూసి ఆగిపోయింది.

ఆ ఏడు ఆలస్యంగానైనా వానలు కాసిని పడ్డాయి. వేరుశనగ కాయ పట్టింది. దీపావళి దాటాక ఒక రాత్రి మంచి పదును వాన కురిసింది. ఆ పదునులోనే కాయ పీకాలి. ఎర్రనేల తడిగా ఉన్నప్పుడు చెట్టు పట్టి లాగితే వేళ్లతో సహా కాయలన్నీ గుత్తిగా వస్తాయి. ఎండ కాసి నేల బిగుసుకుంటే చెట్టు ఒక్కటే చేతికి వస్తుంది, కాయ మట్టిలోనే ఉండిపోతుంది.

ఆ పని ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యేది కాదు. అందుకే అక్కడ ముయ్యి అని ఒక పద్ధతి ఉంది. ఈ ఇంటివాళ్లు ఆ ఇంటివాళ్ల చేనికి పోయి పని చేస్తారు, వాళ్లు మళ్లీ వీళ్ల చేనికి వచ్చి చేస్తారు. డబ్బు మాట ఉండదు. కూలికి వచ్చేవాళ్లు సద్ది తామే కట్టుకుని రావాలి. ముయ్యికి వచ్చినవాళ్లకు మాత్రం చేనుగలవాళ్లే సంగటి పెట్టాలి, అదీ తాము తినక ముందు. సద్ది మూట తేవడం, తేకపోవడం చూసి ఎవరు దేనికి వచ్చారో దారిన పోయేవాడు కూడా చెప్పగలడు.

ముందు దేవరాజులు చేనికి పెట్టుకున్నారు. గంగులమ్మ, గురుమూర్తి, ఉష ముగ్గురూ చేతులూపుకుంటూ వచ్చి రెండు రోజులు వంచిన నడుము ఎత్తకుండా కాయ పీకారు. రేకులకూ సిమెంటుకూ పోగా మిగిలిన డబ్బుతో జెర్సీ ఆవును కొనాలని దేవరాజులు అనుకుంటున్నాడు. ఆ మాటే చేన్లో సాగింది.

"ఆవొస్తే ఇంగ మజ్జిగ మీరే పొయ్యాల మాకు," అంది గంగులమ్మ. "అది లీటర్లు లీటర్లు ఇస్తాదంట కదా. మా ఆవు దాన్ని సూసి సిగ్గుతో కొండెక్కి పోతాది."

"జెర్సీపాలు నీళ్లమాదిరి ఉంటాయే," అన్నాడు గురుమూర్తి.

"నీకు పోసేదే నీళ్లు. పాలెవురు పోస్తారు నీకు?"

అందరూ నవ్వారు. విజయమ్మ పైకి నవ్వింది. అంతలో గట్టు మీద పోతున్న కుప్పుస్వామి ఆగాడు.

"ఏం గంగులమ్మా, కలెక్టరమ్మ సేన్లో పనికి కుదిరినావా? కూలి బాగా ఇస్తారులే. ఊరికే వచ్చిన డబ్బు కదా, సెయ్యి ఆడతాది."

గంగులమ్మ మట్టిబెడ్డ తీసి వాడి కాళ్ల దగ్గరికి విసిరింది. వాడు నవ్వుకుంటూ పోయాడు. విజయమ్మ తల ఎత్తలేదు.

రెండో రోజు సాయంత్రానికి చేను అయిపోయింది. మర్నాడు గంగులమ్మ చేను. కానీ పొద్దుగూకాక దేవరాజులు అంగటి దగ్గర నుంచి ఒక కబురు తెచ్చాడు. పశువుల బేరగాడు గంగాధరం మర్నాడు పుంగనూరు సంతకు దూడతో ఉన్న ఆవు ఒకటి వస్తుందని చెప్పాడంట. మనిషికి అణిగే ఆవంట. పోతే రేపే పోవాలంట, లేకపోతే ములకలచెరువు వాళ్లు తోలుకుని పోతారంట.

"రేపు వదినోళ్ల సేను కదా," అంది విజయమ్మ.

"నువ్వు రాకుంటే ఎట్ల? పాలు పిండేది నువ్వు. నీ సెయ్యి పడనిస్తాదో లేదో సూడకుండా ఎట్ల కొనేది?"

"మనిద్దరం పోతే, పాపనొక్కదాన్ని పంపేదా ఆడికి?"

"కూలి ఇచ్చేస్తే పోలా," అన్నాడు దేవరాజులు. "డబ్బులు లేనప్పుడు ముయ్యి. ఇప్పుడు ఉండాయి కదా. వాళ్లు ముగ్గురు రెండ్రోజులు సేసినారు. ఊళ్లో ఇచ్చే కూలే ఇస్తాం, ఆ డబ్బుతో కూలి ఆళ్లని పిలుసుకుంటారు."

విజయమ్మ పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. కుప్పుస్వామి మాట ఆమె చెవుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. పని చేయించుకుని ఊరికే పోయారన్న మాట రాకూడదు. ఇచ్చేస్తే ఇక ఎవరూ ఏమీ అనలేరు. అయినా ఏదో అడ్డం పడుతున్నట్టు ఆమె రాణి వైపు చూసింది.

"ఏం పాపా, ఏం సేస్తాం? నువ్వు పోతావా వాళ్ల సేనికి, లేకుంటే డబ్బులిచ్చేద్దామా?"

రాణికి అరచేతులు మండుతున్నాయి. రెండు రోజులు కాయ పీకి గోళ్లల్లో మట్టి దిగబడింది. పుంగనూరు సంత ఆమె ఎన్నడూ చూడలేదు. కొత్త చెప్పులు వేసుకుని బస్సెక్కినట్టు, సంతలో అమ్మ పక్కన నడుస్తున్నట్టు కళ్ల ముందు కదిలింది. ముయ్యి ఎగ్గొట్టకూడదని ఆమెకు తెలుసు. ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఇచ్చేద్దాం మా," అంది. "నేను కూడా వస్తా సంతకి."

తెల్లారాక డబ్బు పట్టుకుని పోవలసి వచ్చింది కూడా ఆమే. గంగులమ్మ వాకిట్లో పొయ్యి మండుతూ ఉంది. మామూలుగా వాడే సట్టి కాదు, పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన పెద్ద సట్టి. దాని నిండా సంగటి కెలికి ఉంది. పక్కన గిన్నెలో పచ్చిపులుసు. ఉష తలకు గుడ్డ కట్టుకుంటూ ఉంది. ఆరుగురూ తినడానికి ఆరు సత్తుతట్టలు గంపలో సర్ది ఉన్నాయి.

"వచ్చినావా పాపా, అమ్మోళ్లు యాడ?" అంది గంగులమ్మ, సట్టి మీద నుంచి మొహం తిప్పకుండానే.

రాణి పిడికిలి చాచింది. "అమ్మ ఇమ్మనింది అత్తా."

"ఏందిది?"

"కూలి. రెండ్రోజులది. మేము పుంగనూరు సంతకి పోతాండాం. ఆవుని సూసేదానికి."

గంగులమ్మ తెడ్డు పక్కన పెట్టింది. నోట్ల వైపు చూసింది, రాణి వైపు చూడలేదు. గురుమూర్తి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. సంగటిలో బుస్సుమని ఒక బుడగ పగిలింది.

"కూలికి పోయినామా మనం?" అంది గంగులమ్మ చివరికి. మొగుణ్ని అడిగింది.

"తీసుకో," అన్నాడు గురుమూర్తి. "చిన్నపిల్లతో ఏం మాట్లాడతావు. కూలి ఆళ్లనన్నా పిలుసుకుందాం."

గంగులమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుని డబ్బు తీసుకుంది. ఎంత ఉందో చూసుకోలేదు. "పో పాపా. మళ్ల బస్సు దాటిపోతాది," అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది రాణికి. వెనక్కి తిరిగేటప్పుడు ఉష గంపలోంచి మూడు తట్టలు తీసి కింద పెట్టడం కనిపించింది.

సంతలో ఆ సంగతి మరిచిపోయింది. మరిచిపోయానన్నదే తర్వాత ఆమెను ఎక్కువగా బాధపెట్టింది. దుమ్ము, ఆవుల గంటలు, తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడే మనుషులు, వేడి బోండాలు. అమ్మ ఆవు పక్కన గొంతుక్కూర్చుని పొదుగు మీద చెయ్యి వేస్తే అది కదలకుండా నిలబడింది. అమ్మ మొహంలో అంత వెలుగు రాణి ఎన్నడూ చూడలేదు. సాయంత్రం లగేజీ ఆటోలో ఆవునూ దూడనూ ఎక్కించుకుని ఊళ్లోకి వస్తే పిల్లలు వెనక పరుగెత్తారు. గంగులమ్మ వాకిలి మూసి ఉంది.

గంగులమ్మ వాళ్లకు కూలి ఆళ్లు దొరకలేదు. ఆ ఒక్క వానకే చుట్టుపక్కల పల్లెలన్నిటా కాయ పీకుడు మొదలైంది. ఎవరి చేనికి వాళ్లు, ముయ్యి ఉన్నవాళ్ల చేనికి ముయ్యివాళ్లు. కూలికి పోయేవాళ్లు ముందే మాట ఇచ్చేసి ఉన్నారు. గురుమూర్తి డబ్బు జేబులో పెట్టుకుని సదుం దాకా పోయి వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. ముగ్గురే చేన్లోకి దిగారు. పైన ఎండ కార్తీకమాసపు ఎండలా కాక వేసవి ఎండలా కాసింది. తూర్పు గాలి కూడా తోడైంది. సగం చేను అయ్యేసరికి నేల బిగుసుకుపోయింది.

ఉష బడికి రాలేదు. వారం గడిచినా రాలేదు. రాణి బడి నుంచి వచ్చేటప్పుడు గట్టు మీద నిలబడి చూసేది. ముగ్గురూ నేల మీద కూర్చుని కలుపు తీసే తొలికలతో మట్టి తవ్వి, బెడ్డలు పగలగొట్టి ఒక్కొక్క కాయే ఏరుతున్నారు. ఒక చెట్టు కింది కాయలు ఏరే సమయంలో, పదునులో అయితే ఒక సాలు పీకేసి ఉండొచ్చు. తవ్విన చోట కూడా కొన్ని కాయలు మొలకెత్తి, కొన్ని నల్లబడి ఉన్నాయి.

ఇంట్లో ఆవు పాలిస్తోంది. పొద్దున సగం పాలు డెయిరీ వ్యాను వాళ్లకు పోసి, మిగిలినవి కాచి విజయమ్మ రాణికి గ్లాసు నిండా ఇచ్చేది. మీగడ కట్టిన పాలు. రాణి సగం తాగి వదిలేసేది.

"గంగులమ్మోళ్ల సేను ఎండిపోయిందంట," అన్నాడు దేవరాజులు ఒక రోజు, ఎటో చూస్తూ.

"మనం ఇయ్యాల్సింది ఇచ్చేసినాం కదా," అంది విజయమ్మ.

"నోట్లు సేన్లోకి దిగి కాయ పీకుతాయా?"

"ఇచ్చేస్తే పోలా అనింది ఎవురు?"

రాణి పాలగ్లాసు కింద పెట్టేసింది. అన్నది నాయనే. అమ్మ ఆగిందీ నిజమే. ఆగినప్పుడు అమ్మ తన మొహమే చూసింది. తాను వద్దని ఒక్క మాట అని ఉంటే అమ్మ ఆ మాట పట్టుకుని ఉండేది. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎత్తలేదు, మరిచిపోయారో, దాచారో. ఎత్తి తిట్టి ఉంటే ఆమెకు కొంచెం ఊపిరి ఆడేది.

మర్నాడు ఆమె బడికని బయలుదేరి, పుస్తకాల సంచి గట్టు మీద పెట్టి గంగులమ్మ చేన్లోకి దిగింది.

గంగులమ్మ తలెత్తింది. "బడి లేదా?"

"లేదత్తా."

అబద్ధమని ముగ్గురికీ తెలుసు. గంగులమ్మ ఇంకొక తొలిక ఆమె వైపు తోసి, "ఆ సాలు పట్టు," అంది. అంతే. రాణి తవ్వింది. ఉష పక్క సాల్లోనే ఉంది, ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. మట్టి బెడ్డ పగలగొడితే ఒక్కో చోట రెండు కాయలు, ఒక్కో చోట ఏమీ లేవు. ఏమీ లేని చోట రాణి ఇంకా లోతుకు తవ్వేది, అక్కడ ఉండి తీరాలన్నట్టు.

మధ్యాహ్నం వాళ్లు చెట్టు నీడకు పోయారు. రాణి సాల్లోనే కూర్చుండిపోయింది. పిలుస్తారో లేదో తెలియలేదు. గంగులమ్మ సంగటి తీస్తూ అక్కడి నుంచే అడిగింది.

"సద్ది తెచ్చుకోలేదా పాపా?"

మామూలు మాటే. కూలికి వచ్చినవాళ్లను ఎవరైనా అలాగే అడుగుతారు. రాణికి ఆ మాట వీపు మీద పడ్డట్టయింది.

"లేదత్తా. ఆకలి కాలేదు."

కొంచెంసేపటికి ఉష వచ్చింది. తన ముద్దలో సగం విరిచి ఆకులో పెట్టి, రాణి పక్కన నేల మీద ఉంచి పోయింది. రాణి ఆ ముద్ద తిన్నది.

పొద్దుగూకాక గంగులమ్మ కొంగుముడి విప్పి ఒక రోజు ఆడకూలి డబ్బు తీసింది.

"వద్దత్తా."

"యాల వద్దు? మేము తీసుకోలా?" గంగులమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్లు విప్పి, నోట్లు పెట్టి, వేళ్లు మళ్లీ మూసింది. "మీ ఇంటి డబ్బే. మాకేం పనికి రాలా అది."

ఇంటికి పోయేసరికి విజయమ్మ పాలు పిండుతూ ఉంది. రాణి గౌనుకు, మోచేతులకు ఎర్రమన్ను. విజయమ్మ చూసి, ఎక్కడికి పోయావని అడగలేదు. రాణి డబ్బు అరుగు మీద పెట్టింది.

"అత్త ఇచ్చింది. ఆడకూలి."

విజయమ్మ చేతులు పొదుగు మీద ఆగిపోయాయి.

"నువ్వు అడిగి తీసుకున్నావా?"

"లేదు మా. వద్దన్నా ఇచ్చింది." రాణి మోచేతి మీది మట్టి గీక్కుంది. "మధ్యాన్నం, సద్ది తెచ్చుకోలేదా అని అడిగింది నన్ను."

ఆ మాట ఎంత దూరం పోయిందో విజయమ్మ మొహంలో కనిపించింది. ఎత్తుకుని పెంచిన పిల్లను చేన్లో కూర్చోబెట్టి సద్ది తెచ్చుకోలేదా అని అడిగిందంటే, గంగులమ్మ ఎంత లోపల నొచ్చుకుని ఉండాలి. ఆవు కాలు కదిపింది. చెంబు దొర్లి పాలు పేడలో కలిశాయి. విజయమ్మ వాటి వైపు చూడను కూడా చూడలేదు.

"నేనే కదా మా ఇచ్చేద్దామన్నా," అంది రాణి. "సంతకి పోవాలని."

"నువ్వు అన్నావు. నేను అడిగినా," అంది విజయమ్మ. "పిల్ల చేత అనిపించుకుంటే నా మీద పడదనుకున్నా. ఇంగ మాట్లాడొద్దు. పోయి సేతులు కడుక్కో."

తెల్లారి ముగ్గురూ గంగులమ్మ చేనికి బయలుదేరారు. దేవరాజులు పొయ్యి దగ్గర సద్ది కోసం చూస్తే విజయమ్మ, "వద్దు," అంది.

"ఆమె పెట్టకుంటే?"

"పస్తుంటాం."

ఊరి మధ్య నుంచే పోవలసి వచ్చింది. వట్టి చేతులు ఊపుకుంటూ పోతున్న ముగ్గురినీ అరుగుల మీద వాళ్లు చూశారు. కుప్పుస్వామి పళ్లు తోముకుంటూ ఏదో అనబోయి, విజయమ్మ మొహం చూసి, ఉమ్మేసి లోపలికి పోయాడు. రాణి తన పాదాల వైపు చూసుకుంటూ నడిచింది.

గంగులమ్మ అప్పటికే చేన్లో ఉంది. వాళ్ల చేతుల వైపు చూసింది. మూట లేదు, గిన్నె లేదు. చూసినట్టు మొహంలో ఏమీ తెలియలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. విజయమ్మ కొంగు నడుముకు చుట్టి, చివరి సాల్లో కూర్చుని, తెచ్చుకున్న తొలికతో మట్టి తవ్వడం మొదలుపెట్టింది. దేవరాజులు గడ్డపారతో బెడ్డలు లేపితే గురుమూర్తి వాటిని పగలగొట్టాడు. ఇద్దరూ బీడీ కూడా అడుక్కోలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఆరుమంది తవ్వినా గోనెపట్టా మీద పడ్డ కాయలు చిన్న కుప్పే. ప్రతిసారీ ఒడి దులపడానికి వచ్చినప్పుడు ఆ కుప్ప కనిపించేది. కనిపించకుండా తప్పించుకునే దారి లేదు. రాణి లోపల ఒకటే లెక్క తిరుగుతోంది. ఆ రోజు సంతకు పోకుండా ఉంటే ఈ పట్టా మీద కుప్ప ఎంత ఎత్తు ఉండేదో.

గంగులమ్మ లేచి నీడకు పోయింది. గురుమూర్తి, ఉష ఆమె వెనక పోయారు. విజయమ్మ సాల్లో నుంచి లేవలేదు. దేవరాజులు లేవలేదు. ఇప్పుడు గంగులమ్మ సద్ది మాట అడిగితే, ఈ ఎడం ఇక ఈ ఏటితో పోయేది కాదని రాణికి తెలుసు.

గంగులమ్మ సట్టి మూత తీసింది. మళ్లీ మూసింది. కొంచెంసేపు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ఉషా," అంది. "ఇంటికి పో. పిండి తీసి ఇంగొక సట్టి సంగటి కెలుకు. మూడు ముద్దలే ఉండాయి ఈడ, ఆరుమందికి యాడ సాలుతాయి." తర్వాత ఇటు తిరగకుండానే, కొంచెం గొంతు పెంచి, "ఆలస్యమైతాది. అంతవరకు ఆకలికి ఓర్సుకోవాల," అంది.

విజయమ్మ తొలిక కింద పెట్టింది. "ఓర్సుకుంటాం వదినా," అంది. ఆ మాట పక్కనున్న రాణికే సరిగ్గా వినపడలేదు.

ఎవరూ చెప్పకుండానే రాణి లేచి ఉష వెనక పోయింది. ఉష పొయ్యి ముట్టించింది, రాణి నీళ్లు తెచ్చింది. ఉష తెడ్డు తిప్పుతుంటే రాణి సట్టి కదలకుండా రెండు వైపులా గుడ్డతో పట్టుకుంది. ఆవిరి ఇద్దరి మొహాలకూ కొట్టింది.

"సంత బాగుండిందా?" అంది ఉష ఉన్నట్టుండి.

రాణి సట్టి వైపే చూసింది. "బాగుండింది," అంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

ఉష తెడ్డు తిప్పుతూనే ఉంది.

చేన్లో అందరూ నీడకు చేరారు. ముయ్యికి వచ్చినవాళ్లకు ముందు పెట్టాలి కనుక గంగులమ్మ ముందు దేవరాజులుకు పెట్టింది, తర్వాత విజయమ్మకు. విజయమ్మ రెండు చేతులతో తట్ట పట్టింది. గంగులమ్మ ముద్ద వేసి, మధ్యలో వేలితో గుంట చేసి పులుసు పోసింది. ఆమె విజయమ్మ మొహం చూడలేదు. విజయమ్మ కూడా తల ఎత్తలేదు. తర్వాత రాణి వంతు వచ్చింది.

"తిను పాపా," అంది గంగులమ్మ. "మాపటిదాకా తవ్వాల."

రాణి తట్ట ఒళ్లో పెట్టుకుంది. ముద్ద వేడిగా ఉంది. ఎదురుగా పట్టా మీద కాయల కుప్ప ఉంది. ఆమె దానికి కొంచెం పక్కకు తిరిగి కూర్చుని, తల వంచుకుని తినడం మొదలుపెట్టింది.